రాహేలమ్మకు నేర్పని సగం

ఈ రోజు ప్రార్థన గుడిలో కీర్తనల పుస్తకం చేతిలో పట్టుకొని అబద్ధమాడాను. కొత్తది కాదు. ఇరవై రెండేళ్లుగా మోస్తున్న అబద్ధమే. అప్పుడు ఒక ముసలామెతో ఆడాను, ఈ రోజు ఆమె మనుమరాలితో ఆడాను. ఇన్నేళ్లలో నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో తెలియకపోవడమే నాకు ధైర్యమేమో.

మాది జమ్మలమడుగు దిక్కున ఒక చిన్న పల్లె. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. రెండేళ్లు వరసగా వానలు పోయాయి. ఊరు సర్కారు పెట్టే కరువు పనికి చెదిరిపోతుందని అందరికీ తెలుసు. మా క్రైస్తవ సంఘంలో చదువొచ్చినవాళ్లం ప్రార్థనలు నడిపే ఉపదేశీ నేనూ ఇద్దరమే. పుస్తకం ఒక్కటే. ఎవరు ఏ రోడ్డు మీద కంకర కొడుతుంటారో, పుస్తకం ఎవరి దగ్గరుంటుందో చెప్పలేం. అందుకని ఉపదేశి ఇంటికొక కీర్తన నోటికి రావాలన్నాడు. పాతరలో గింజలు దాచినట్టు దాచుకోండి, ఆకలి రోజుల్లో తీసుకుందురు అన్నాడు. తాను చుట్టుపక్కల పల్లెలకు పోతూ మూడిళ్లు నాకప్పగించాడు.

రెండిళ్లు తొందరగానే అయ్యాయి. మూడోది రాహేలమ్మ అవ్వది. చెవుడు. కొడుకూ కోడలూ పోయి, ఎనిమిదేళ్ల మనుమరాలు దీనమ్మతో ఉండేది. ఆమె వంతుకు వచ్చిన కీర్తనలో మొదటి సగమంతా మొర. దేవుడు తనను విడిచిపెట్టాడని ఒక మనిషి ఏడుస్తాడు. రెండో సగంలో అదే మనిషికి తన మొర చేరిందని తెలుస్తుంది, ధైర్యం వస్తుంది. అవ్వ రెడ్డిగారింటి రాగులు విసురుతూ నేర్చుకునేది. ఒక మాట పట్టుబడితే ఇంకో మాట జారిపోయేది. చెవి దగ్గర అరిచి అరిచి నా గొంతు పోయేది. పది రోజులకు సగం వచ్చింది. పదకొండో రోజు పక్కూరి తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పందెం. నా ఈడువాళ్లు వీధిలో నిలబడి పిలుస్తున్నారు. కీర్తనంతా వచ్చేసిందని అవ్వకు చెప్పి లేచాను.

తర్వాత నేర్పుదామనుకున్నానా? అనుకున్నాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ తిరునాళ్ల దారిలో అవ్వ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఉపదేశి తిరిగొచ్చి అన్నిళ్లూ అయ్యాయా అని అడిగితే అయ్యాయన్నాను.

మూడు నెలల తర్వాత అవ్వా నేనూ ఒకే రోడ్డు పక్కన కంకర కొడుతున్నాం. సుత్తి దెబ్బకొక మాట చొప్పున ఆమె తన కీర్తన చెప్పుకునేది. ఒకరోజు సుత్తి ఆపింది.

"అబ్బీ, ఇది ఈడికే అయిపోతాదా?"

"ఈడికే అవ్వా," అని తల ఊపాను.

"శానా దినాలుగా చూస్తాండా. అడిగేదంతా మనమే అడుగుతాండాము. ఆయన పలికింది యాడా ల్యాదే. ఆయనకు గూడా నా మాదిరి చెవుడేమో."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంకా ఏదో ఉన్నట్టుండాదప్పా," అంది మెల్లగా.

వారానికొకసారి మమ్మల్ని చూడవచ్చే ఉపదేశి ఆ రోజు రెండు కుప్పల అవతలే ఉన్నాడు. అవ్వకు మిగతా సగం చెప్పాలంటే అరిచి చెప్పాలి. అరిస్తే ఆయనకు వినపడుతుంది. పొట్టి మాటకు అరుపు అక్కర్లేదు, నేను ఆమె చెవికి నోరు ఆనించాను.

"ఏం ల్యాదవ్వా. పుస్తకంలో అంతే ఉండాది."

ఆమె తల ఊపి సుత్తి ఎత్తింది. నెల తిరక్కుండానే జ్వరమొచ్చి పోయింది. ఆ రోడ్డు పక్కనే పూడ్చాం.

ఇప్పుడు మళ్లీ రెండేళ్లుగా వానల్లేవు. ఇప్పుడు నేనే సంఘ పెద్దను. కష్టకాలం వస్తోంది, ఎవరి కీర్తన వాళ్లు పిల్లలకు నేర్పుకొని వచ్చి సంఘం ముందు చెప్పండి అని అన్నదీ నేనే. ఆ మాట అన్నప్పుడు దీనమ్మ గుర్తు రాలేదా? వచ్చింది. ఆమె మరిచిపోయి ఉంటుందని ఆశపడ్డాను.

మరిచిపోలేదు. ఇద్దరు పిల్లలతో నిలబడి, ఒక్క మాట తప్పకుండా, నేను ఆపిన చోటనే ఆపింది. మిగతా సగం నా బొటనవేలి కింద ఉంది. అందరూ నా మొహం చూశారు.

"సరిగ్గా చెప్పినారు," అన్నాను.

ఆమేన్ అన్నారు. ఆ పిల్లలు కూడా రేపు కంకర కుప్పల దగ్గర మొర ఒక్కటే పెట్టుకొని కూర్చుంటారు. అది తెలిసీ పుస్తకం మూశాను. ఎందుకు? పెద్ద అనే పేరు కోసమా? అంతకన్నా గొప్ప కారణం ఎంత వెతికినా దొరకలేదు.

పొద్దు వాలకముందే పుస్తకం తీసుకొని దీనమ్మ ఇంటికి పోయాను. ఆమె చేటలో జొన్నలు చెరుగుతోంది. నిలబడే అంతా చెప్పాను. బండలాగుడు సంగతి కూడా. చేట ఆగిపోయింది.

"కడాకు మా అవ్వ ఇంకా ఉండాది, ఇంకా ఉండాది అంటానే పాయ పెదనాయనా," అంది. "నేను జ్వరానికి మతి తప్పిందనుకుంటి. ఊరుకోవే అని కసురుకుంటి."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్లు నా తప్పు ఎంతో నాకు తెలుసనుకున్నాను. క్షమించమని అడగలేదు. అడగవలసిన మనిషి రోడ్డు పక్కన ఉంది.

దీనమ్మ చేట పక్కన పెట్టి పిల్లల్ని పిలిచి గడప దగ్గర కూర్చోబెట్టింది. నన్ను కూర్చోమనలేదు.

"చదువు," అంది.

నిలబడి చదివాను. పిల్లలు ఒక్కొక్క మాటా తిప్పి చెప్పారు. దీనమ్మ పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు. రెండు వరుసలు వచ్చేసరికి వెలుగు తగ్గింది. చిన్నది ఆవలించింది.

"అయిపోయిందా తాతా?"

"ల్యాదమ్మా," అన్నాను. "ఇంకా ఉండాది. రేపొస్తా."