కౌన్సెలింగ్‌కి కావలసిన కాగితాలు

చిక్కడపల్లిలో నేను పాఠాలు చెప్పే హైస్కూల్లో పిల్లలకు కౌన్సెలింగ్ మొదలుపెడదామని ఈ రోజు తల్లిదండ్రులను పిలిచాం. అశోక్‌నగర్ హాస్టల్లో వంట చేసే ఒకావిడ, తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి, కులం సర్టిఫికెట్ నుంచి ఆధార్ దాకా అన్నీ ఫైల్లో పెట్టుకుని వచ్చింది. కాలేజీ సీట్లిచ్చే కౌన్సెలింగ్ అనుకుందట.

"అది కాదమ్మా, పిల్లలు మనసులో బాధ చెప్పుకోవడానికి ఒక మనిషిని పెడుతున్నాం" అన్నాను.

"దానికి ఏం కాగితాలు గావాలె మేడం?"

"ఏమీ అక్కర్లేదు."

ఆవిడ ఫైలు మూసి, "గట్లయితే జర నేను గూడ వచ్చి కూసోవచ్చా?" అంది.

గది, గంట, రిజిస్టరు అన్నీ ప్లానులో రాసుకున్నాం. అమ్మల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. మీరైతే ఏం చెప్పేవారు?