నత్తితోనే స్పీకింగ్ టెస్టుకు వెళ్లిన మా ఖాదర్ సార్

నిన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్.

"ఖాదర్ సార్ పోయినారు. హార్ట్ ఎటాక్."

మూడుసార్లు చదివాను. వేరే ఖాదర్ ఎవరో అయి ఉంటారనుకున్నాను.

పోయిన వారమే ఫోన్‌లో నవ్వించిన మనిషి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పుత్తూరులో వాళ్ల నాయన టైలర్ షాపు మేడమీద సార్ ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ చెప్పేవారు, విదేశాలకు పోవాలంటే రాయాల్సిన ఇంగ్లీషు టెస్టు. నాలాంటి నర్సులమే ఎక్కువ.

సార్‌కు నత్తి. రీడింగ్, రైటింగ్ బోర్డు మీదే నడిచిపోయేవి. స్పీకింగ్ క్లాసులో మాత్రం ఒక్కో మాట దగ్గర ఆగిపోయేవారు.

నేను అప్పటికే ఒకసారి టెస్టు రాశాను. రైటింగ్‌లో ఆరున్నర. నాకు కావాల్సింది ఏడు.

ఒకరోజు వీడియోలు చూసి నేర్చుకున్న ఇంగ్లీషు దొరల యాసలో మాట్లాడుతుంటే సార్ ఆపారు.

"ఆ యాస యాడిదిమ్మా? తీసెయ్. దానికి మార్కులుండవు. అర్థమయ్యేట్టు మాట్లాడితే సాలు."

నాకు రోషం వచ్చింది. "మీరెప్పుడన్నా ఆ టెస్టుకు పోయినారా సార్? ఎగ్జామినర్ ముందర కూసుంటే తెలుస్తాది" అనేశాను.

 

సార్ కోప్పడలేదు. "న్యాయమే గదా" అన్నారు.

ఆ టెస్టు రాయాలంటే పాస్‌పోర్టు ఉండాలి. సార్ మర్నాడే అప్లై చేశారు. అది చేతికి రాగానే చెన్నైలో టెస్టు బుక్ చేశారు. నత్తి ఉన్నవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి ముందే అడిగితే ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తారని మాకు అప్పుడే తెలిసింది.

తిరిగొచ్చి చెప్పారు.

"నీకు ఏదైనా నేర్పిన మనిషి గురించి మాట్లాడమని కార్డిచ్చినారు. మా నాయన కాజాలు కుట్టేది సెప్పబోయినా. 'బటన్‌హోల్' కాడ ఇ... ఇరుక్కున్నా. ఆ ఎగ్జామినరమ్మ నన్నే సూస్తా ఉండాది. లేసి పారిపోదామనిపించింది. పోలే. మాట వచ్చేదాకా కూసున్నా. వచ్చింది."

స్పీకింగ్ ఏడు!

రైటింగ్ ఆరున్నర.

కోచింగ్ చెప్పే మనిషి. దాచుకోవచ్చు. ఆ మార్కుల కాగితం బోర్డుకు అంటించి నన్ను పిలిచారు.

"రైటింగ్‌లో నాదీ నీ మార్కే. రామ్మా, ఇద్దరం కలిసి నేర్సుకుందాం."

షాపు మూశాక కింద కటింగ్ టేబుల్ మీద ఎస్సేలు రాసి ఒకరివి ఒకరం దిద్దుకున్నాం. నా ఎస్సేకు ఆయన ఎర్రగీతలు, ఆయన ఎస్సేకు నేను. చివరికి తప్పు దొరికింది. ఇద్దరం మాకు తెలిసిందంతా రాస్తున్నాం. ప్రశ్న అడిగింది మాత్రం రాయడం లేదు.

ఆ తర్వాతి టెస్టులో నాకు ఏడు వచ్చింది. ఫోన్ చేస్తే సంతోషంలో సార్‌కు నత్తి ఇంకా ఎక్కువైంది. "ఏ... ఏ... ఏడు" అంటూ ఆయన, ఏడుస్తూ నేను.

సార్ ఏ దేశమూ వెళ్లలేదు. ఆ పాస్‌పోర్టులో ఒక్క స్టాంపు లేదు.

నోరు జారిన ఒక స్టూడెంటు ప్రశ్నకు జవాబు చెప్పడానికి, జీవితమంతా తాను భయపడిన చోటికే నడిచి వెళ్లి కూర్చున్నారు.

ఐసీయూలో పని చేస్తాను. ధైర్యం రోజూ చూస్తాను. ఇంత ధైర్యం మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

మీకు ఆ రోజే సారీ చెప్పాల్సింది సార్. ఇప్పుడు చెబుతున్నాను.

వెళ్లి రండి. ఆ అల్లా మిమ్మల్ని చల్లగా చూసుకోవాలి.