లోపలికి పోయిన పెచ్చు

ఆళ్లగడ్డలో మాది శిల్పాల పని. రాతి దిమ్మె వీపు మీద పడి నాయన వెన్నుపూస విరిగింది. నంద్యాలలో డాక్టరు ప్లాస్టిక్ వెన్నెముక చూపించాడు. పూసలు ఒకదాని మీదొకటి కూర్చుంటే వాటి రంధ్రాలన్నీ ఒకే గొట్టమవుతాయట. వెన్నుపాము అందులో భద్రంగా ఉంటుందట.

నాయన ఒక రంధ్రంలో వేలు పెట్టి చూశాడు.

"ఇంత పల్చగా తొలిస్తే నిలుస్తాదా సార్?"

"నిలుస్తుంది. కానీ మీ ఎముక పెచ్చు లోపలికి పోయి వెన్నుపామును నలిపేసింది. అందుకే కాళ్లకు స్పర్శ లేదు."

రాతి పెచ్చు ఎప్పుడూ బయటికే ఎగురుతుంది.

నెల తర్వాత నేను అమ్మవారి ముఖం చెక్కుతున్నాను. పక్కన చక్రాల కుర్చీలో నాయన. పెచ్చు ఎగిరి ఆయన పాదంలో గుచ్చుకుంది. రక్తం కారింది.

నాయన చూపు విగ్రహం మీదే ఉంది.

"ముక్కు ఇంకా సన్నం చెయ్‌రా," అన్నాడు.

చేశాను.