మాస్టారి హార్డ్ డిస్కు, దొరబాబు తీగ

రాజోలులో లెక్కల మాస్టారిగా రిటైరైన శ్యామ్ బాబు గారికి 'లేదు' అనడం రాదు. ఉద్యోగమంతా పిల్లలకి తీసివేతలు నేర్పారు గానీ, అడిగినవాడి ముందు తనే తీసివేతైపోతారు. నిచ్చెన అడిగితే ఇస్తారు. అడగనివాడికి కూడా "నిచ్చెనేమైనా కావాలాండీ" అని గుర్తుచేస్తారు. ఈ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్కింట్లోనే ఉంటాను కాబట్టి ఆ నిచ్చెన నేనూ తెచ్చుకుంటాను, అది వేరే సంగతి.

ఆయన భార్య సుందరి గారు చర్చిలో అందరికన్నా ముందు నిలబడి పాడేవారు. మూడేళ్ల కిందట గొంతుకి ఆపరేషనైంది. మనిషి దక్కారు, గొంతు పోయింది. ఇప్పుడు గుసగుసగా మాట్లాడతారు. ఫ్యాను తిరుగుతుంటే అదీ వినపడదు. ఆవిడ పాడిన పాటలన్నీ మాస్టారు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో దాచారు. ఇంకో కాపీ ఎక్కడా లేదు. సాయంత్రం టీ తాగి, కంప్యూటరు ముందు కూర్చుని ఇద్దరూ ఒక పాట వినేవారు.

అంతటి డిస్కునీ మాస్టారు ఎరువిచ్చారు. దిండిలో హౌస్‌బోటు నడిపే దొరబాబు వచ్చి, టూరిస్టులకి సినిమాలు వేయాలి, ఖాళీ డిస్కుంటే ఇప్పించమన్నాడు. లేదంటే పోయేది.

"ఆయ్, దీంట్లో కొంచెం జాగా ఉందండీ" అన్నారు మాస్టారు.

కొన్నాళ్లకి డిస్కు అరటి గెలతో సహా తిరిగొచ్చింది. గెల బావుంది. డిస్కు పెట్టగానే కంప్యూటరు కొయ్యబారిపోయింది. తీస్తే మామూలుగా నడుస్తుంది, పెడితే మౌసు కూడా కదలదు. సుందరి గారు రోజూ టీ తాగి వచ్చి కూర్చుని, కదలని తెర కాసేపు చూసి లేచిపోయేవారు. భర్తని ఒక్క మాట అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

చివరికి రాంబాబుని పిలిచారు. ఐనవిల్లి నుంచి వచ్చి ఈ ఏడే సెంటర్లో కంప్యూటర్ల షాపు పెట్టాడతను. నిచ్చెన తిరిగిచ్చేద్దామని వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. రాంబాబు డిస్కు పెట్టాడు. చాలాసేపటికి తెర మీద ప్రశ్న వచ్చింది, ఈ డిస్కుని ఫార్మాట్ చేయమంటారా అని.

"మొత్తం తుడిచేద్దామండి. కొత్తదానిలా అయిపోద్దండి" అన్నాడు రాంబాబు.

"ఆయ్" అన్నారు మాస్టారు.

"సినిమాలే కదండీ, మళ్లీ ఎక్కించుకోవచ్చు."

"ఆయ్."

వెనక నిలబడ్డ సుందరి గారు "వద్దు" అన్నారు. రాంబాబుకి వినపడలేదు. మాస్టారికి వినపడింది. కానీ ఇంటికొచ్చిన మనిషి మాట కాదనడం ఎలా? రాంబాబు వేలు మౌసు మీదకి వెళ్లేసరికి మాస్టారు వంగి, గోడ దగ్గర కంప్యూటరు స్విచ్చి కట్టేశారు.

"కరెంటు పోయిందండీ" అన్నారు.

నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. రాంబాబు ఫ్యాను వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు. అతనూ ఈ పక్కవాడే కదా, కాదనలేడు.

"ఆయ్, పోయిందండీ" అన్నాడు.

పోని కరెంటు వచ్చేలోగా అందరం టీ తాగాం. సుందరి గారు మాత్రం డిస్కుకున్న తీగని అటూ ఇటూ తిప్పి చూశారు. తెల్లగా, సన్నగా ఉంది. వాళ్లది నల్లగా, లావుగా ఉండేది. దాన్ని రాంబాబు ముందు పెట్టి, తమది కాదన్నట్టు తలూపారు.

"ఇది ఫోను ఛార్జింగు వైరండీ! డిస్కు కన్నం వెడల్పండి, దాంట్లో సగంలో ఇది పట్టేసింది. దీంతో డిస్కుకి చాలినంత పవరు అందదండి. అది ఆగుతా లేస్తా ఉంటే కంప్యూటరూ బిగుసుకుపోద్దండి" అన్నాడు రాంబాబు.

అసలు తీగ దొరబాబు దగ్గరుంది. ఫోన్ చేసి అడగండన్నాను.

"పాపం, ఆయనకేం అవసరమొచ్చిందో" అన్నారు మాస్టారు.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. రాంబాబే షాపుకెళ్లి సరైన తీగ తెచ్చి, కంప్యూటరు వెనక గుచ్చాడు. ఈసారి తెర ఏ ప్రశ్నా వేయలేదు. పాటలు వరసగా కనపడ్డాయి. రాంబాబుని జరగమనలేక, మాస్టారు అతని భుజం మీంచి చెయ్యి చాపి ఒకటి నొక్కారు.

క్రిస్మస్ ఆరాధనలో పాడిన పాట. ఆ గొంతు నేను విని మూడేళ్లయింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎంత బాగా పాడేరండీ! ఎవరండీ ఆవిడ?" అన్నాడు రాంబాబు.

"నేనే" అన్నారు సుందరి గారు.

"ఏమన్నారండీ?"

ఆవిడ మళ్లీ చెప్పారు. పాట గట్టిగా ఉంది, పెదాలు కదలడమే కనపడింది. ఆ జవాబు అతనికి వినపడాలని మాస్టారు సౌండు తగ్గించబోయారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. పాట అయ్యేదాకా వదల్లేదు.