శెనగనూనె హాల్ టికెట్

డిగ్రీ చదివే రోజుల్లో మా ఆదోని చర్చిలో నాకు గొప్ప విశ్వాసురాలని పేరుండేది. నిజానికి నాలో ఎక్కువగా ఉండింది బద్ధకం. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ మనిషి కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటుంది కదా! ఆ రెండింటికీ తేడా నాకు తెలియడానికి ఒక పరీక్ష, ఒక ఎలుక, మా అవ్వ కలిసి పనిచేయాల్సి వచ్చింది.

నేను కెమిస్ట్రీ అప్పటికే ఒకసారి తప్పాను. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా నాన్న కోప్పడలేదు. బస్సు టైము చెప్పినంత మామూలుగా, "ఈ తూరి గూడా తప్పితే సదువు సాలు పాపా. మిల్లులో ఏదన్నా పని సూస్తా" అన్నాడు. ఆ మామూలుతనానికే నాకు చెమటలు పట్టాయి. పుస్తకం తెరిస్తే బెంజీన్ బొమ్మలన్నీ తేనెపట్టులాగా కనిపించి, ముట్టుకుంటే కుడతాయేమోనని మూసేసేదాన్ని. సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఈడ మూడు దినాలు కూటాలు పెట్టినారు. తెల్లబూట్లన్న వచ్చినాడు. పరీక్షలోళ్లకు స్పెషల్ ప్రార్థన అంట. హాల్ టికెట్ ఎత్తుకోని బిన్నా రా!" (ఆ బోధకుడికి పేరు లేకపోలేదు. కానీ ఆయన ఎక్కడికి వచ్చినా ముఖంకంటే ముందు బూట్లే కనిపించేవి కాబట్టి అందరికీ తెల్లబూట్లన్నే.) "పాపను ఒంటిగా ఎట్ల పంపేది?" అని నాన్నతో అని, అవ్వ కూడా నాతో బయలుదేరింది. బస్సు ఎక్కాక మాత్రం నా చెవిలో, "కూటం అయినాక బిర్యానీ పెడతారంటనే?" అని అడిగింది.

షామియానా కింద మేము దాదాపు వందమంది పరీక్షలవాళ్లం. సింహాసనం లాంటి ఎర్ర కుర్చీలోంచి తెల్లబూట్లన్న లేచి, మైకు పెదవులకు ఆనించుకుని, "బిడ్డలారా! మీ భారమంతా నా మీద వేయండి!" అన్నాడు. మా అవ్వ తల గోక్కుని, "ఆ మాట సెప్పాల్సినాయన వేరే ఉన్నాడు గదప్పా!" అని గొణిగింది. చిన్నమ్మ "ఉస్సు!" అంది. వాలంటీర్లు మా హాల్ టికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ టబ్బులో పోగుచేశారు. అన్న వాటిమీద ఒక సీసాడు అభిషేక తైలం పోశాడు. చుక్కలు చుక్కలుగా కాదు, పప్పుకు తిరగమాత పెట్టినట్టు ధారాళంగా పోశాడు. తర్వాత ఆజ్ఞ: "నేటి నుండి ఏడు దినాలు పుస్తకం ముట్టరాదు! ముట్టినవాడు సందేహించినవాడు! పరీక్షలో పరిశుద్ధాత్ముడే మీకు అన్నీ జ్ఞాపకం చేస్తాడు!" నా జీవితంలో ఏ ప్రసంగమూ నన్ను అంతగా కదిలించలేదు. పుస్తకం ముట్టకూడదట! నేను ఏడ్చేశాను. టికెట్లు తిరిగి ఇచ్చాక అవ్వ నాదాన్ని వాసన చూసి, "శెనగనూనె గదే ఇది! మనింట్లో ఉగ్గానిలోకి బజ్జీలు కాల్చేది దీంట్లోనే" అంది. ఆమెకు ఆత్మీయ దృష్టి తక్కువ అని జాలిపడ్డాను.

ఇంటికొచ్చి ఆ హాల్ టికెట్‌ను బైబిలు మధ్యలో పెట్టి, గూట్లో ఉంచాను. ఆ తర్వాత నా అంత నమ్మకంగా అన్న ఆజ్ఞ పాటించినవాళ్లు ఎమ్మిగనూరు తాలూకాలో ఉండరు. పుస్తకం ముట్టడం అటుంచి, పుస్తకం ఉన్న బల్ల దుమ్ము కూడా తుడవలేదు. సందేహించినట్టు అవుతుందేమోనని భయం! పొద్దంతా మంచం మీద పడుకుని సీలింగు ఫ్యాను వైపు చూస్తూ నమ్మేదాన్ని. మూడు రోజులు అవ్వ నన్ను ఓరకంట చూసుకుంటూ పనికి పోయింది. నాలుగో రోజు పొద్దున సద్ది కట్టుకుంటూ, "పాపా, నీ పరీక్ష ఆయప్ప సూసుకుంటాండాడు గదా, నీకేం పని? నాతో పత్తికి రా" అంది.

పత్తి తీసేవాళ్ల పద్ధతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఎవరి నడుముకు వాళ్లు పాత చీరముక్క ఒడిలాగా కట్టుకుంటారు. ఎవరు తీసిన పత్తి వాళ్ల ఒడిలోకే. సాయంత్రం ఎవరి మూట వాళ్లే మోసుకొచ్చి కాటాకు తగిలించాలి. తల్లీకూతుళ్లయినా సరే, ఒకరి మూటలోంచి ఇంకొకరి మూటలోకి వేయడం అనేది లేదు. నేను పది కాయలు తీసి, వేళ్లకు గీసుకుందని నీడకు చేరి, ఇంకో పది తీసి, నీళ్లకని పోయి, మొత్తానికి చక్కగా పొద్దుపుచ్చాను. కాటా దగ్గర అందరి మూటలూ నిండు గర్భిణుల్లాగా ఉన్నాయి. నాది మాత్రం ఉతికి ఆరేసిన దిండుగలీబులాగా వేలాడుతోంది. సిగ్గేసి, "అవ్వా, నీ మూటలోది కొంచెం ఇందులో వెయ్యవా?" అని బతిమాలాను.

"నేనెందుకు ఏస్తా? అంతకంటే మంచిది సేస్తా, రా" అంది అవ్వ. నా ఖాళీ మూట మీద చెయ్యి పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, తెల్లబూట్లన్న గొంతుతో, "బిడ్డా! నీ భారమంతా నా మీద వెయ్యి!" అని చేనంతా వినపడేలా అరిచింది. తర్వాత సద్దిగిన్నెలో మిగిలిన నూనె వేలితో తీసి మూటకు రాసింది. ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. మేస్త్రి మూటను కాటాకు తగిలించాడు. ముల్లు కదలలేదు. "అవ్వా, ఇంకో తూరి ప్రార్థన సెయ్యి, ముల్లు నిద్రపోయినట్టుంది" అన్నాడు ఆయన. వాళ్ల నవ్వుకంటే, నాకూ నవ్వు రావడమే నాకు ఎక్కువ అవమానంగా అనిపించింది.

ఆటోలో వచ్చేటప్పుడు అవ్వ మెల్లగా అంది. "జ్ఞాపకం సేస్తాడు అనేది నిజమే పాపా. నేను గూడా నమ్ముతా. అయితే జ్ఞాపకం సెయ్యాలంటే ముందు సదివుండాల గదా? సదవందాన్ని ఆయన మాత్రం ఏం జ్ఞాపకం సేస్తాడు, పాపం!" ఆటో ఇంటికి చేరేలోపు నాకు బెంజీన్ అంటే భయం పోయింది. అంతకంటే పెద్ద భయం పట్టుకుంది, పరీక్షకు మూడే రోజులు మిగిలాయని! ఆ మూడు రోజులూ పుస్తకాన్ని వదల్లేదు. అవ్వ నా పక్కనే కూర్చుని బియ్యం ఏరుతూ, నేను పైకి చదివేదంతా ఏదో కీర్తన విన్నట్టు విని, ప్రతి రియాక్షన్ చివరా "ఆమెన్" అనేది.

పరీక్ష రోజు పొద్దున ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే, శెనగనూనె వాసనకు ఎలుక వచ్చి పోయింది. హాల్ టికెట్‌లో ఒక మూల లేదు, ఫొటోలో నా కుడి చెవి లేదు, మిగిలినదంతా అవతలి మనిషి కనిపించేంత పలచగా ఉంది. పరీక్ష హాల్లో సారు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "ఇది హాల్ టికెట్టా, బజ్జీల పొట్లమా?" అన్నాడు. చివరికి నా చెవినీ ఫొటోనీ నాలుగుసార్లు పోల్చి చూసి, "ఉండే చెవి సరిపోయింది, పో, కూసో" అన్నాడు. ప్రశ్నపత్రంలో సగం నేను చదివినవే. మిగతా సగం మూడు రోజులు ఫ్యాను వైపు చూసిన ఫలితం. పాసు మార్కులకు రెండు ఎక్కువతో గట్టెక్కాను. ఫలితాలొచ్చిన రోజు నాన్న మిల్లు నుంచి వస్తూ జిలేబీ తెచ్చాడు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ తెల్లబూట్లన్న మళ్లీ ఎమ్మిగనూరు వచ్చాడు. పుస్తకం ముట్టకుండా పాసైన బిడ్డగా నేను సాక్ష్యం చెప్పాలని చిన్నమ్మ అప్పటికే మాట ఇచ్చేసింది. "నా పరువు నిలబెట్టు పాపా, ముందు వరసలో కూసుంటా" అంది. చిన్నమ్మంటే నాకు ప్రాణం. అబద్ధం చిన్నదే. బస్సులో అవ్వను ఏం చేయమంటావని అడిగితే, "నీ నోరు, నీ మూట" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

స్టేజీ మీద అన్న తానే మైకు నా నోటి దగ్గర పట్టాడు. "ఈ బిడ్డ పుస్తకం ముట్టలేదు! అవునా బిడ్డా?" కింద చిన్నమ్మ ముఖం దీపంలా వెలుగుతోంది. "మూడు దినాలు సదివినానన్నా" అన్నాను. సాక్ష్యాలకు అలవాటుపడిన జనం ఆలోచించకుండానే, "స్తోత్రం!" అన్నారు. "సదవకుండా ఉండుంటే తప్పుతాంటి." "హల్లెలూయ!" "నూనె వాసనకు ఎలుక వచ్చి హాల్ టికెట్ కొరికింది." "స్తోత్రం, స్తోత్రం!" కీబోర్డు అబ్బాయి ఉత్సాహంగా శ్రుతి ఒక మెట్టు పెంచాడు. అన్న మైకు లాక్కుని, "చూశారా, దేవుడు ఎలుకను సైతం వాడుకున్నాడు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ షామియానా కింద నేను చెప్పింది విన్నవాళ్లు ఇద్దరే. మా అవ్వ పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు.

"నా మానం తీసినావు గదే" అని ఆమె నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "పాపా, మా పిల్లోనికి లెక్కలు రాలేదు. ట్యూషన్ యాడ బాగ సెప్తారు?" అని అడిగింది. హాల్ టికెట్ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. నాకొక నాలుగేళ్ల కూతురుంది. దానికి తుమ్ము వస్తే చాలు నాకు నిద్ర పట్టదు. ఫోన్లో రకరకాల బూట్లవాళ్లు కనిపించి, ఆమెన్ అని టైపు చేస్తే చాలు మిగతాది తామే చూసుకుంటామంటారు. వేలు అటు పోతుంది కూడా. నన్ను నేను తిట్టుకుని, ప్రార్థన చేసుకుని, మందు కొలిచి పోస్తాను. మొన్న సాయంత్రం పాప పలక తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అమ్మా, నేను ప్రార్థన చేసేసినా. 'అ' నువ్వు రాయి" అంది. నేను పలక మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, అవ్వ గొంతుతో, "బిడ్డా! నీ భారమంతా నా మీద వెయ్యి!" అన్నాను. అది కిలకిలా నవ్వి, పలక ఖాళీగానే ఉందని చూసి, నిట్టూర్చి, బలపం అందుకుంది. వంకరగా, పెద్దగా, పూర్తిగా తనదే అయిన ఒక 'అ' రాసింది.

రెండో వరుస మాత్రం నేనే రాశాను (టీచరు ఏమనుకుంటుందోనని). అవ్వ చూసి ఉంటే మళ్లీ పత్తికి తీసుకుపోయి ఉండేది.