స్టిక్కర్ పీకని ఫ్లాపీ

సారం పేటలోని ఒక కంప్యూటర్ క్లాసులో నేను పాఠాలు చెప్పేవాణ్ణి. రెడ్డియార్‌పాళయంలో మా రైస్ మిల్లు చేయి దాటిపోయాక, మా ఇంట్లో ఒకరి కింద జీతానికి కుదిరిన మొదటివాణ్ణి నేనే. ఇతరుల ఫ్లాపీ ముట్టేవాణ్ణి కాదు, నాది ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు.

పిల్లల టైపింగ్ పరీక్ష రోజు పొద్దున టైపింగ్ ప్రోగ్రాం మాటిమాటికీ ఆగిపోయింది. చూస్తే దాని సైజు పెరిగి ఉంది. ఇంకో ప్రోగ్రాం నడిపి చూశాను. అదీ పెరిగింది. వైరస్. ప్రోగ్రాం చివర తనను తాను అతికించుకుంటుంది. ఆ ప్రోగ్రాం నడపగానే ముందు అది మెమరీలో తిష్ఠ వేస్తుంది. ఆపైన ఏది నడిపినా దానికీ అంటుకుంటుంది. అంటే పరీక్షించడానికి నేను నడిపిన ప్రతిదీ చెడుతోంది. కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాను.

మధ్యాహ్నమే పరీక్ష. చెడని కాపీ నా ఫ్లాపీలో ఒక్కటే ఉంది. దాని అంచునున్న గాటు మీద స్టిక్కర్ అంటించి ఉంచాను. అది ఉన్నంతవరకు కంప్యూటర్ ఆ ఫ్లాపీని చదవగలదే గానీ దానిమీద ఏమీ రాయలేదు.

క్లాసు యజమాని నాకు దూరపు వరసకు మామ. వైరస్ నా ఫ్లాపీతోనే వచ్చిందంటూ, పిల్లలందరి ముందూ అది ఉన్న నా సంచి వైపు చేయి చాచాడు. మా మిల్లు గేటు దగ్గర కూలీల సంచులు మావాళ్ళు అలాగే వెతికేవారు. నేను వెనక్కి జరిగాను.

"పెద్దింటోళ్ళ సంచిలో పురుగుండదా ఏంది? నీదాంట్లో లేకపోతే ఆ స్టిక్కర్ పీకి, ఈ మిషన్లో పెట్టి చూపీ."

పీకితే నాది చెడలేదని తేలేది. ఆ మిషన్లోని వైరస్ అంటుకుని నా ప్రోగ్రాం సైజు ఆయన కళ్ళ ముందే పెరిగేది. పరీక్షకు మాత్రం మంచి కాపీ మిగిలేది కాదు.

"పీకను మామా," అన్నాను.

"చూస్తిరా," అన్నాడాయన పిల్లల వైపు తిరిగి.

మెమరీలో ఉన్నది పోవాలని అన్ని కంప్యూటర్లూ ఆపేశాను. ఒక్కోదాన్నీ నా ఫ్లాపీతోనే మొదలుపెట్టి, చెడిన ప్రోగ్రాంలు చెరిపి, మంచి కాపీ ఎక్కించాను. పిల్లలు పరీక్ష రాశారు.

అందరూ వెళ్ళాక మామ అల్లుడు నా దగ్గరికి వచ్చాడు. ఆదివారాలు క్లాసు కంప్యూటర్ల ముందు కూర్చుని ఆటలాడేది అతనే. పేపర్ మడతలోంచి ఫ్లాపీ తీసి గొంతు తగ్గించాడు.

"అన్నా, స్నేహితుడి దగ్గర తెచ్చిన ఆట ఇది. ఇది గూడా ముందునించే ఆగి ఆగి పోతా ఉండాది. బాగుచేస్తావా?"

మామ లోపలి గదిలోనే ఉన్నాడు.

"చేస్తాను," అన్నాను. "మామకు వినపడేట్టు అడుగు."

అతను లోపలి గది వైపు ఒకసారి చూశాడు. ఫ్లాపీని మళ్ళీ పేపర్లో చుట్టుకుని మెట్లు దిగిపోయాడు. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ అందరి దృష్టిలో వైరస్ తెచ్చినవాడు నేనే. మామకు అల్లుడి ఫ్లాపీ సంగతి నా నోటితో చెప్పలేదు.