మా అమ్మాయి నిలబడిన మనీలా రోడ్డు

మా అమ్మాయి మనీలాలో డాక్టరు చదువుతోంది. మొదట్లో ఆ దేశ చరిత్ర కూడా వాళ్లకు ఒక పాఠం. భద్రాచలంలోని మా కిరాయి ఇంటికి ఫోన్ చేసి నాకు అప్పజెప్పేది. స్పెయిన్ వాళ్లు పోయారు, అమెరికా వాళ్లు వచ్చారు, జపాను సైన్యం వచ్చిపోయింది. స్వతంత్రం వచ్చాక ఒక అధ్యక్షుడు సైనిక పాలన పెట్టి, చట్టసభ మూయించి, ఏళ్ల తరబడి ఏలాడు. చివరికి జనం పెద్ద రోడ్డు మీద ట్యాంకులకు అడ్డంగా కూర్చున్నారు. అతను కుటుంబంతో సహా దేశం విడిచి పారిపోయాడు. చాలా ఏళ్లకు అతని కొడుకే ఎన్నికల్లో గెలిచి అదే భవనంలోకి వచ్చాడు.

"చూసినవా, పడ్డ ఇల్లు మళ్ల లేచింది," అన్నాను. నా సంతోషం దాచుకోలేదు.

నా భార్య చింతపండు గింజలు తీస్తూ, "ముందుగాల మన రేకులు కారకుండ చూడుండ్రి దొరవారూ," అంది.

అడవి అంచున మా తాతగారి ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు చెప్పులు చేతబట్టుకొని నడిచేవారు. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం వాళ్లే చెప్పులతో లోపలికి వచ్చారు. ఎవరినీ కొట్టలేదు. అన్ని గదులూ తిరిగి చూశారు, అంతే. వడ్ల కొట్టంలో దాక్కొని ఆ చప్పుడు విన్నాను. తర్వాత ఊరు విడిచాం. గుంపు అలికిడి వింటే ఇప్పటికీ నా వీపు బిగుసుకుంటుంది. చూసేవాళ్లు దర్పం అనుకుంటారు.

వరద కట్టల సొమ్ము నాయకులు మింగారని మనీలాలో జనం రోడ్డెక్కిన ఆదివారం, అమ్మాయికి ఫోన్ చేస్తే వెనక అదే గుంపు హోరు.

"ఏడున్నవ్?"

"పెద్ద రోడ్డు మీద నాన్నా. మేముండే ఇంటి ఓనర్ ఆంటీ తోలుకొచ్చింది. వయసుల ఉన్నప్పుడు ఆమె గీడనే ట్యాంకుల ముందట కూసున్నదంట."

విదేశీయులు ఊరేగింపుల్లో కనబడితే వెనక్కి పంపేస్తారని కాలేజీలో ముందే చెప్పారు. ఒక్క ఫొటో చాలు, చదువంతా పోతుంది.

"జల్దీ రూముకు పో."

"ఎందుకట్ల భయపడ్తవ్? జనాన్ని నువ్వెప్పుడూ గేటు లోపలినుంచే చూసినవ్."

"కాళ్లు మొక్కుత తల్లీ, పో."

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, అప్పటిదాకా. ఫోన్ కట్ అయింది. నా భార్య వచ్చి ఫోన్ పక్కన కూర్చుంది.

ఎంతసేపటికో మళ్లీ మోగింది. "రూముకొచ్చిన నాన్నా."

"మరి ఆమె?"

"రాలే. పోలీసులు ముందుకొస్తున్నరని చెప్పినా కదల్లే. మోకాళ్ల నొప్పులు, ఉరుకుదామన్నా ఉరకలేదు."

ఆమె ముఖం కూడా నేను చూడలేదు. అయినా అక్కడ ఆమె వచ్చిన తలుపు చప్పుడు వినబడేదాకా మేం ముగ్గురం ఫోన్ పెట్టెయ్యలేదు.